న్యూయార్క్ పాస్ కొనాలా? ముందు మోకాళ్లనడగండి

ప్రశ్న: నేను రిటైరైన హైస్కూలు టీచర్ని. మాది తెనాలి. ప్రస్తుతం నేనూ మా ఆవిడా న్యూజెర్సీలో, ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. నాకు 66, ఆవిడకి 62. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. న్యూయార్క్ చూపిస్తానని మా వాడు మూడు రోజుల సైట్‌సీయింగ్ పాస్ కొంటానంటున్నాడు. వంద చోట్ల దాకా ఉన్నాయట, ఎన్నయినా చూడొచ్చట. మనిషికి దగ్గర దగ్గర 300 డాలర్లు. మా ఇద్దరికీ రూపాయల్లో లెక్కేస్తే యాభై వేలు దాటింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వద్దంటే "మీకెందుకు నాన్నా, విడిగా కొంటే ఇంకా ఎక్కువవుతుంది" అంటాడు. మేం చూడాలనుకున్నవి లిబర్టీ విగ్రహం, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, ట్విన్ టవర్స్ కూలిన చోటు. మా అయిదేళ్ల మనవరాలికైతే డైనోసార్లు కావాలి. వాడికి శని, ఆదివారాలే సెలవు. కొనమనాలా, వద్దనాలా?

సమాధానం: మాస్టారూ, ముందు ఆ రూపాయల లెక్క కట్టిపెట్టండి. అక్కడ కాఫీ తాగినా రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గొంతు దిగదు. అమెరికా వెళ్లిన మొదటి నెలలో మన పెద్దవాళ్లందరూ పడే బాధే ఇది, రెండో నెలకి అదే తగ్గుతుంది. లెక్క డాలర్లలోనే వేద్దాం. డాలర్లలో వేసినా మీ అబ్బాయి చెప్పింది మీకు కుదరదు.

అలాగని ఆయన అబద్ధం చెప్పలేదు. విడిగా కొంటే ఎక్కువవుతుందన్న మాట నిజమే, కాకపోతే రోజుకి మూడు నాలుగు చోట్లు తిరిగేవాళ్లకి. మూడు రోజులకి 300 అంటే రోజుకి 100. న్యూయార్క్‌లో పేరున్న చోట్ల టికెట్ చాలావరకు 25 నుంచి 45 డాలర్ల మధ్య ఉంటుంది. అంటే రోజుకి కనీసం మూడు చోట్లకి వెళ్తేనే పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది, నాలుగోదాని నుంచే లాభం. మూడు రోజుల్లో తొమ్మిది చోట్లు. మీరు ఉత్తరంలో రాసినవి మనవరాలి డైనోసార్లతో కలిపి నాలుగు.

మీ శనివారం ఎలా నడుస్తుందో నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను. ఎనిమిదికల్లా బయల్దేరాలని రాత్రే అనుకుంటారు. ఉప్మా తిని, అమ్మగారు దారికి పులిహోర కట్టి, పాప ఒక బూటు కనపడక ఇల్లంతా వెతికి, కారెక్కేసరికి తొమ్మిది దాటుతుంది. ఎడిసన్ స్టేషన్‌లో పార్కింగ్, ట్రైన్ కోసం ఎదురుచూపు. పెన్ స్టేషన్‌కి దాదాపు గంట ప్రయాణం. అక్కడినుంచి ఎంపైర్ స్టేట్ దగ్గరే, 34వ వీధిలో నడిచి వెళ్లొచ్చు. కాకపోతే మోకాళ్ల నొప్పులతో ఆ జనంలో నడవడానికి పావుగంట పట్టదు, అరగంట పడుతుంది. లోపల సెక్యూరిటీ, ఆ తర్వాత లిఫ్ట్ 80వ అంతస్తు దాకా, అక్కడ మళ్లీ మారి 86కి. ఫొటోలు తీసుకుని కిందికి దిగేసరికి ఒంటి గంట. ఎక్కడో బెంచీ చూసుకుని పులిహోర తినాలి. అక్కడినుంచి సబ్‌వేలో మాన్‌హాటన్ ద్వీపం దక్షిణపు కొసకి, బ్యాటరీ పార్క్‌కి. చాలా సబ్‌వే స్టేషన్లలో ఇప్పటికీ లిఫ్ట్ లేదు, మెట్లే గతి. అక్కడ విగ్రహం దగ్గరికి వెళ్లే పడవ ఎక్కే ముందు విమానాశ్రయంలోలాగా బెల్టు తీయించే తనిఖీ. విగ్రహం చూసి ఒడ్డుకొచ్చేసరికి సాయంత్రం. ఇంతకీ ఎన్ని చూశారు? రెండు. విడిగా కొంటే 70 డాలర్ల చుట్టుపక్కల అయ్యేది. పాస్‌లో ఆ రోజు ఖరీదు 100.

మూడో చోటుకి కూడా వెళ్లొచ్చు. వెళ్లాలనే అనిపిస్తుంది కూడా. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. మా అమ్మానాన్నల్ని సింగపూర్ తీసుకెళ్లినప్పుడు నేనూ ఇలాగే ఒక పాస్ కొన్నాను. రెండో రోజు సాయంత్రం నాలుగింటికి మూడో చోటు, ఏదో అక్వేరియం. అమ్మ గుమ్మం బయట బల్ల మీద కూర్చుండిపోయి "మీరు చూసి రండి, నేను చెప్పులు కాపలా కాస్తా" అంది. అక్కడెవరూ చెప్పులు విప్పలేదు. "డబ్బులు కట్టామమ్మా, ఊరికే పోతాయి" అని లేపి తీసుకెళ్లాను. లోపల ఆవిడ చేపల్ని చూడలేదు, గోడ వారన కూర్చోడానికి చోటుందేమో వెతుక్కుంది. ఆ ఫొటోలు ఇప్పుడు చూస్తే నాకు చేపలు కనపడవు, అమ్మ మొహమే కనపడుతుంది. కట్టిన డబ్బు వసూలు చేసుకోవాలన్న ఆత్రం మనిషిని పెళ్లి బఫేలో ఉన్నట్టు చేస్తుంది. ఆకలి తీరిపోయినా పళ్లెం దించబుద్ధి కాదు.

ఇంకో చిక్కుంది. మీ అబ్బాయికి శని, ఆదివారాలే సెలవన్నారు. మూడు రోజుల పాస్‌కి మూడో రోజు ఎక్కడిది? రోజుల లెక్కన ఇచ్చే పాసుల్లో చాలావాటికి తేదీయే లెక్క, 24 గంటలు కాదు. మధ్యాహ్నం మూడింటికి మొదటిసారి స్కాన్ చేసినా ఆ రోజు అయిపోయినట్టే. రోజులు వరుసగా వాడాలా, విడివిడిగా వాడుకోవచ్చా అన్నది కొనే పేజీలోనే రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం మీ వాడిచేత పైకి చదివించండి. వరుసగానే అని ఉంటే ఆయన సోమవారం సెలవు పెట్టాలి, లేదా మీరిద్దరే ట్రైన్ ఎక్కాలి.

"పాస్ ఉంటే లైన్‌లో నిలబడక్కర్లేదట" అని కూడా మీ వాడు అనే ఉంటాడు. తిరుమలలో మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ తీసుకున్నవాళ్లకి క్యూ ఉండదా? ఉంటుంది, కాకపోతే వేరే క్యూ. ఇక్కడా అంతే. టికెట్ కొనే లైన్ తప్పుతుంది, సెక్యూరిటీ లైన్, లిఫ్ట్ లైన్ ఎవరికీ తప్పవు. పైగా పాస్ కొన్నంత మాత్రాన లోపలికి వెళ్లే సమయం వచ్చేయదు. చాలాచోట్ల టైమ్ స్లాట్ మళ్లీ విడిగా బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాలకి మంచి స్లాట్లు ముందే అయిపోతాయి. ఆన్‌లైన్‌లో ఇంట్లోంచే టికెట్ కొనుక్కునే ఈ రోజుల్లో, పాస్ తప్పించే ఆ టికెట్ లైన్ మీకు ఎలాగూ ఉండదు.

మీ వాడు చూపించింది ఒక రకం పాస్ మాత్రమే. న్యూయార్క్‌కి ఇవి ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. రోజుల లెక్కన ఇచ్చేది మీరు చూసింది. దాని సంగతి చెప్పేశాను. రెండోది చోట్ల లెక్కన ఇచ్చేది. మూడు చోట్లు, నాలుగు చోట్లు అని ఎంచుకుంటే నెలా, ఆ పైనా గడువుంటుంది. తొందర ఉండదు, వారానికొకటి చూసుకోవచ్చు. మీలా నెలల తరబడి ఉండేవాళ్లకి పనికొస్తే ఇదే పనికిరావాలి. కాకపోతే ఇందులో చవక టికెట్ ఉన్న చోటుకి వెళ్తే నష్టపోతారు, ఖరీదైన చోట్లకే వాడాలి. మూడోది సిటీపాస్ అనే కట్ట. అందులో అయిదు. ఎంపైర్ స్టేట్, డైనోసార్లు ఉండే నేచురల్ హిస్టరీ మ్యూజియం అన్నవి ఖాయం, మిగతా మూడు ఒక జాబితాలోంచి మనం ఎంచుకోవాలి. లిబర్టీ విగ్రహం పడవ, ట్విన్ టవర్స్ కూలిన చోట ఉన్న 9/11 మ్యూజియం, రాక్‌ఫెల్లర్ సెంటర్ మీద ఉన్న టాప్ ఆఫ్ ది రాక్, ఇంట్రెపిడ్ అనే యుద్ధనౌక వగైరా అందులో ఉంటాయి. ధర 150 డాలర్ల చుట్టుపక్కల. మొదటిసారి వాడిన రోజు నుంచి వరుసగా 9 రోజులు చెల్లుతుంది.

ఆ తొమ్మిది అంకెలో ఒక చిన్న కిటుకుంది. శనివారం మొదలుపెడితే ఒకటో రోజు శనివారం, రెండు ఆదివారం, ఎనిమిది మళ్లీ శనివారం, తొమ్మిది ఆదివారం. ఒకే పాస్‌తో రెండు వారాంతాలు వచ్చేస్తాయి. ఆదివారం మొదలుపెట్టారా, రెండో ఆదివారం ఎనిమిదో రోజవుతుంది, ఒక శనివారం చేజారుతుంది. ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలెవరైనా ఈ కట్ట కొంటే శనివారం పొద్దునే దాని ముడి విప్పాలి.

మరి మీకు ఇదైనా కొనమంటానా? మీ నాలుగూ విడిగా కొంటే ఎంతవుతుందో చూద్దాం. విగ్రహం పడవ సుమారు 25 డాలర్లు. ఆ టికెట్‌లోనే ఎల్లిస్ ద్వీపం, ఆడియో గైడ్ వచ్చేస్తాయి. ఎంపైర్ స్టేట్ 86వ అంతస్తు 40 పైన, వేళని బట్టి మారుతుంది, సూర్యాస్తమయం వేళకి ఎక్కువ. 9/11 మ్యూజియం 30 పైన. నేచురల్ హిస్టరీ మ్యూజియం 30 దగ్గర. అన్నీ కలిపితే 130, 140. ఇది మామూలు పెద్దల ధర. వీటిలో సీనియర్లకి తగ్గింపు ఉంది. కొన్నిచోట్ల 62 నిండితే చాలు, 9/11 మ్యూజియంలో 65 నిండాలి. మీకు అన్నిచోట్లా వస్తుంది, అమ్మగారికి 9/11 మ్యూజియంలో మాత్రం రాదు. పాసుల్లో మాత్రం పెద్దలు, పిల్లలు అన్న రెండే రకాలు, సీనియర్ అన్న మాటే ఉండదు. మన వయసువాళ్ల విషయంలో లెక్క తిరగబడేది ఇక్కడే. అయిదో చోటు నిజంగా చూడాలని ఉంటే తప్ప సిటీపాస్ కూడా మీకు గిట్టుబాటు కాదు. అయిదో చోటు ఏదీ అంటే టాప్ ఆఫ్ ది రాక్ అంటారు. రెండు మేడలెక్కి ఒకే ఊరిని చూడటం ఎందుకని నా అనుమానం. ఒక్కటే ఎక్కుతానంటే మాత్రం నేను టాప్ ఆఫ్ ది రాక్‌కే ఓటేస్తాను, అక్కడినుంచైతే ఎంపైర్ స్టేట్ కూడా ఎదురుగా కనపడుతుంది. అయినా ఇన్నేళ్లుగా పోస్టర్లలో, క్యాలెండర్లలో చూస్తూ వచ్చిన బిల్డింగ్ ఎక్కాలన్న ముచ్చటని నేను కాదనను.

టికెట్లు విడిగా కొంటే ఇంకో సుఖం, వాతావరణం చూసుకుని కొనొచ్చు. మబ్బు కమ్మిన రోజు 86వ అంతస్తు ఎక్కితే తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు. పాస్ చేతిలో ఉన్నవాడు "ఈ రోజు పోతే మళ్లీ రాదు" అని ఆ పొగలోకే ఎక్కుతాడు.

మనవరాలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పాస్ కొననివ్వకండి. అయిదేళ్ల పిల్లకి ఎంపైర్ స్టేట్‌లో టికెట్ లేదు, 9/11 మ్యూజియంలో లేదు, మెట్రోపాలిటన్ మ్యూజియంలోనైతే పన్నెండేళ్ల లోపు పిల్లలెవరికీ లేదు. డైనోసార్ల మ్యూజియంలోనూ, విగ్రహం పడవకీ పిల్లల టికెట్ కొంటే సరిపోతుంది.

ఆ డైనోసార్ల మ్యూజియం గురించి మీ వాడికి తెలుసో లేదో. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రాల్లో ఉండేవాళ్లు అక్కడ ఇష్టమొచ్చినంత ఇచ్చి టికెట్ తీసుకోవచ్చు. ఎడిసన్ అడ్రసు ఉన్న ఐడీ చూపిస్తే మీ అబ్బాయికీ కోడలికీ అది వర్తిస్తుంది. మీరిద్దరూ విజిటర్లు కాబట్టి మీకు మామూలు ధరే, సీనియర్ తగ్గింపుతో. ఇంటివాళ్లకి కూడా కలిపి పాసులు కొనేసే కుటుంబాలు ఈ ఒక్క చోటే ఎంత నష్టపోతున్నాయో! దానికి మాత్రం ఒక పూటంతా పెట్టుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ గడియారం గంట కొట్టేదాకా నిలబడి, మిగతా గదులు పరుగున చూసి వచ్చేస్తాం చూశారా, అలా చేయకండి. డైనోసార్లు నాలుగో అంతస్తులో ఉంటాయి. పాప అక్కడ ఉండగా మీరు రత్నాల గదికి వెళ్లి 563 క్యారెట్ల నీలం చూడండి. పేరు స్టార్ ఆఫ్ ఇండియా, దొరికింది మాత్రం శ్రీలంకలో. పిల్లలకి పాఠం చెప్పినవాళ్లు కాబట్టి మీకు ఈ తిరకాసు నచ్చుతుంది. 94 అడుగుల నీలి తిమింగలం బొమ్మ పైకప్పు నుంచి వేలాడే హాల్లో నేల మీదే చతికిలబడి కూర్చుంటారు జనం, ఎవరూ ఏమీ అనరు. అమ్మగారికి లోపల వీల్‌చైర్ అడగండి, డబ్బు తీసుకోరు. మొహమాటపడి వద్దంటారేమో, మీరు మాత్రం అడగండి.

విగ్రహం విషయంలోనూ ఆవిడ మోకాళ్లు గుర్తుపెట్టుకోండి. కిరీటం దాకా ఎక్కాలంటే పీఠం పైనుంచి ఇంకా 162 ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు. ఆ టికెట్లు ఏ పాస్‌లోనూ రావు, ఎంతో ముందుగా బుక్ చేసుకోవాలి కూడా. మీకు అదేమీ అక్కర్లేదు. ద్వీపం మీద తిరుగుతూ తలెత్తి చూస్తే చాలు, బాగుంటుంది. ఇంకో మాట. మీరు ఉండేది న్యూజెర్సీ. ఆ పడవలు జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్క్ నుంచి కూడా వెళ్తాయి. కారులో నేరుగా అక్కడికి వెళ్లి, పార్కింగ్ చేసి, పడవెక్కొచ్చు. సబ్‌వే మెట్లు లేవు, బ్యాటరీ పార్క్ రద్దీ లేదు. అటువైపు నుంచి పడవ ముందు ఎల్లిస్ ద్వీపానికే వెళ్తుంది. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది వలస వచ్చినవాళ్లు ఆ ద్వీపం మీదుగానే అమెరికాలో అడుగుపెట్టారు. వీసా ఇంటర్వ్యూకి ఫైలు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ బల్లలు, ఆ రిజిస్టర్లు వేరేగా కనపడతాయి.

బ్యాటరీ పార్క్ నుంచే వెళ్తే మాత్రం జాగ్రత్త. సబ్‌వే బయటికి రాగానే కోట్లు తొడుక్కుని, మెడలో కార్డులు వేలాడేసుకుని "స్టాచ్యూ, స్టాచ్యూ" అంటూ చుట్టుముడతారు. వాళ్లు అమ్మేవి చాలావరకు విగ్రహం పక్కగా తిప్పి తెచ్చే వేరే పడవలు, ద్వీపం మీద దింపవు. దింపే పడవ స్టాచ్యూ సిటీ క్రూజెస్ వాళ్లది ఒక్కటే. టికెట్ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడవండి. టైమ్స్ స్క్వేర్‌లో బొమ్మల వేషాలవాళ్లు పాపతో ఫొటోకి నిలబడతారు, ఆ తర్వాత చెయ్యి చాపుతారు. అదీ చెప్పి ఉంచుతున్నాను.

ట్విన్ టవర్స్ కూలిన చోటు అన్నారు. అక్కడ రెండున్నాయి. పైన, రెండు టవర్ల పాదముద్రల్లో జలపాతాలు పడే రెండు పెద్ద చతురస్రపు గుంటలు, వాటి అంచున కంచు పలకల మీద 2,983 పేర్లు. ఇది చూడ్డానికి టికెట్ లేదు. కింద ఉన్న మ్యూజియానికే టికెట్. సోమవారం సాయంత్రాలు అది ఉచితం, ఆన్‌లైన్‌లో ముందే టికెట్ పట్టుకోవాలి. మంగళవారం మూసేస్తారు. పాస్‌లో ఉంది కదా అని చాలామంది పరుగున మ్యూజియంలోకి దూరి, అరగంటలో బయటపడి, ఇంకో చోటుకి బయల్దేరతారు. నన్నడిగితే మీరు పైన పేర్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడండి. ఎవరిదైనా పుట్టినరోజైతే ఆ పేరులో ఒక తెల్ల గులాబీ గుచ్చి ఉంచుతారు. మన దేశపు పేర్లు కూడా కనపడతాయి. అవి చదివాక మ్యూజియంలోకి వెళ్లాలో వద్దో అమ్మగారే చెబుతారు.

ఏ పాస్‌లోనైనా ట్రైన్, సబ్‌వే ఛార్జీలు కలిసి ఉండవు. అవి వేరే లెక్క. కారులో వెళ్దామంటే మాన్‌హాటన్‌లో 60వ వీధికి దిగువకి వెళ్లే కార్లకి 2025 జనవరి నుంచి 9 డాలర్ల టోల్ పెట్టారు, దాని మీద టన్నెల్ టోల్, దాని మీద పార్కింగ్. ట్రైనే మంచిది. మీలాంటి 62 నిండినవాళ్లకి ఆ ట్రైన్లో తగ్గింపు టికెట్ ఉంది. వయసు చూపించమంటారు కాబట్టి పాస్‌పోర్ట్ కాపీ జేబులో పెట్టుకోండి.

ఇక మీ అబ్బాయికి ఎలా చెప్పాలన్నది. "డబ్బు దండగ" అనకండి, ఆయన కష్టపడి సంపాదించి అమ్మానాన్నలకి ఊరు చూపిద్దామనుకుంటుంటే ఆ మాట గుచ్చుకుంటుంది. నేనైతే ఇలా అంటాను: "ఒరేయ్, మాకు తొమ్మిది చోట్లు వద్దు, నాలుగు చాలు. ఒక్కో వారం ఒక్కోటి చూపించు. మిగిలిన టైమ్‌లో మాతో కూర్చో." మీరు ఆరు నెలలుంటారనుకుంటాను, తొందరేముంది? మూడు రోజుల కోసం వచ్చిన టూరిస్టు కుర్రాళ్లు నలుగురు ఇదే ప్రశ్న అడిగితే రోజుల పాసే కొనుక్కోమనేవాణ్ని. వాళ్లు పొద్దున ఎనిమిదికి బయల్దేరి రాత్రి పదింటిదాకా తిరగగలరు.

మొదటి వారం ఒక్క టికెట్ కూడా కొనకుండా ఊరికే వెళ్లి రండి. బ్యాటరీ పార్క్ పక్కనే వైట్‌హాల్ టెర్మినల్ నుంచి స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ బయల్దేరుతుంది, నారింజ రంగు పెద్ద పడవ. 1997 నుంచి దానికి ఛార్జీయే లేదు, ఎవరైనా టికెట్ కొనమంటే నమ్మకండి. అటు 25 నిమిషాలు, ఇటు 25 నిమిషాలు. అవతల ఒడ్డున దిగి మళ్లీ ఎక్కాలి. లోపల బల్లలుంటాయి, అమ్మగారు కాళ్లు చాపుకోవచ్చు. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, విగ్రహం అటే వస్తుంది.